ఏ వయసులో ఏ టీకా? టీకాల గదిలో రోజూ వినే ప్రశ్నలు, వాటికి జవాబులు

బుధవారం, శనివారం టీకాల రోజులు. నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్ బల్ల మీదికి చేరేసరికే వరండా నిండిపోయేది. ఎవరో ఒక నాయనమ్మ కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రవిక జేబులోంచి తీసి ఇచ్చేది. ఊళ్ళో అలా కొన్నేళ్ళు, తర్వాత పట్నంలో పిల్లల క్లినిక్‌లో కొన్నేళ్ళు టీకాలు వేశాను. ఊరు మారినా ప్రశ్నలు మారలేదు. ఇప్పటికీ బంధువులు, పక్కింటివాళ్ళు ఫోన్ చేసి అవే అడుగుతున్నారు. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి ఒక చోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి. ఇక్కడ ఉన్నది అందరికీ వర్తించే సంగతి. మీ బిడ్డకు, మీకు ప్రత్యేకమైన జబ్బు ఏదైనా ఉంటే మీ డాక్టర్ మాటే ముందు.

## మొదలుపెట్టే ముందు

గవర్నమెంట్ టీకా మంచిదా, ప్రైవేటులో వేసేది మంచిదా?

రెండూ మంచివే. క్షయ, పోలియో, హెపటైటిస్ బి, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హిబ్ (న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి), రోటా విరేచనాలు, న్యుమోకాకల్ న్యుమోనియా, తట్టు, రుబెల్లా, ఇవి కాక కొన్ని జిల్లాల్లో మెదడువాపు. ఈ జబ్బులన్నిటికీ ప్రభుత్వం ఉచితంగానే టీకా ఇస్తోంది. "ఉచితం కదా, నాసిరకం ఏమో" అనే అనుమానం చాలామందిలో ఉంది. రోటా టీకానే చూడండి. రోటావాక్ మన హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో తయారైంది. 2016లో దేశంలో రోటా టీకా మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ప్రైవేటులో తేడా ఎక్కడంటే, ప్రభుత్వ పట్టికలో లేని టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ లాంటివి అక్కడ దొరుకుతాయి. ఉచితంగా వచ్చేవి పీహెచ్‌సీలో వేయించుకుని, మిగిలినవి మాత్రం బయట కొనుక్కున్నా తప్పేమీ లేదు. కార్డు ఒక్కటే ఉంచండి, రెండు చోట్లా దాని మీదే రాయించండి.

టీకా పాడవలేదని మనకెలా తెలుస్తుంది?

ప్రభుత్వం పంపే సీసా మీద ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంటుంది. గుండ్రం మధ్యలో తెల్లని చదరం. సీసాకు వేడి తగిలేకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. చదరం బయటి గుండ్రం కన్నా లేతగా ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చదరం ఇంకా ముదిరినా ఆ సీసా పారేయాల్సిందే. చూపించమని అడగండి, సంతోషంగా చూపిస్తారు. మందుల షాపులో కొని క్లినిక్‌కు తీసుకెళ్ళే పని అయితే మాత్రం జాగ్రత్త. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ ముక్కకు నేరుగా ఆనించి తీసుకెళ్తే గడ్డకట్టి పెంటావలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే సూది, పెంటా అంటాం), హెపటైటిస్ బి లాంటివి పనికిరాకుండా పోతాయి. వేడి కంటే ఇలా గడ్డకట్టి పాడైనవే నేను ఎక్కువ చూశాను.

డేట్ దాటిపోయింది. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా?

అక్కర్లేదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తాం. నెల ఆలస్యమైనా, ఆరు నెలలు ఆలస్యమైనా అంతకుముందు వేసిన డోసు లెక్కలో ఉన్నట్టే. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని మరిచిపోదు.

ఒకమ్మాయి పద్నాలుగు నెలల బాబును ఎత్తుకుని గేటు బయటే నిలబడిపోయింది. పుట్టినప్పటి టీకాలు తప్ప ఇంకేవీ వేయించలేదు. పుట్టింటికి, అత్తింటికి తిరగడంతోనే సరిపోయింది. అంతకుముందు ఎక్కడో ఒకచోట "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్" అని అందరి ముందూ అరిచారట. ఆ భయంతో ఇంకో నాలుగు నెలలు రాలేదు. లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాం. ఏడాది దాటింది కాబట్టి పెంటా బదులు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) మొదలుపెట్టాం. తట్టు, రుబెల్లా టీకా, పోలియో చుక్కలు అదే రోజు ఇచ్చాం. మిగతా డోసులు నాలుగేసి వారాల తేడాతో పూర్తయ్యాయి. తిడతారని ఆగకండి. తిడితే పడండమ్మా, బిడ్డకు మాత్రం టీకా వేయించుకుని వెళ్ళండి.

కార్డు పోయింది. ఏం చేయాలి?

ముందు టీకా వేసిన సబ్ సెంటర్‌లోనో, ఆసుపత్రిలోనో రిజిస్టర్ చూడమనండి. ఈమధ్య వేసినవైతే ప్రభుత్వ టీకాల పోర్టల్ యు-విన్‌లో మీ ఫోన్ నంబరుతో వివరాలు దొరకొచ్చు. ఎక్కడా దొరక్కపోతే ఆ టీకా వేయలేదనే అనుకుని మళ్ళీ వేస్తారు. ఒక డోసు ఎక్కువైతే ప్రమాదం లేదు, తక్కువైతేనే నష్టం. ఇవాళే కార్డుకు ఫోటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలో పెట్టుకోండి.

బాబుకి జలుబుగా ఉంది. టీకా వేయించొచ్చా?

వేయించొచ్చు. ముక్కు కారడం, కొద్దిపాటి దగ్గు, ఒళ్ళు కాస్త వెచ్చబడడం, రెండు మూడు విరేచనాలు టీకాకు అడ్డం కావు. యాంటీబయాటిక్ వాడుతున్నా ఫర్వాలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఆసుపత్రిలో చేర్చాల్సినంత జబ్బు ఉంటే తగ్గాక వేస్తాం. పాత టీకాకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడని స్థితి వచ్చి ఉంటే, క్యాన్సర్ మందులో, స్టెరాయిడ్లో ఎక్కువ మోతాదులో వాడుతుంటే ముందే చెప్పండి.

## పుట్టిన రోజు

నిన్న పుట్టిన బిడ్డకి ఇవాళే సూదులా?

పుట్టిన వెంటనే మూడు ఇస్తాం. క్షయకు బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఇందులో హెపటైటిస్ బి మొదటి 24 గంటల్లోనే పడాలి. తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు అంటుకుంటుంది. పసితనంలో అంటుకున్నది చాలామటుకు ఒంట్లోనే ఉండిపోయి, పెద్దయ్యాక లివర్‌ను చెడగొడుతుంది. తల్లికి ఉందని పరీక్షలో తేలితే టీకాతో పాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా 12 గంటల్లోపు ఇస్తారు. పాలు నిరభ్యంతరంగా ఇవ్వొచ్చు.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి రావాలి, మామూలు కుటుంబాలకు అందేది కాదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా తయారుచేసింది. ధర దిగొచ్చింది. ఇవాళ పసిబిడ్డ తొడకు వేసే ఆ చిన్న సూది వెనక మన ఊరివాళ్ళ కష్టం ఉందంటే నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

బీసీజీ వేసిన చోట కాయలా లేచి చీము పట్టింది. ఇన్ఫెక్షనా?

కాదు, టీకా పనిచేస్తోంది. వేసిన రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య ఎడమ భుజం మీద చిన్న కాయ లేస్తుంది, పగులుతుంది, కాస్త చీము వస్తుంది, నెమ్మదిగా మాని మచ్చ పడుతుంది. నొక్కకండి. పసుపు, ఆయింట్‌మెంట్, కొబ్బరినూనె ఏమీ రాయకండి. స్నానం చేయించొచ్చు. చంకలో గడ్డ పెద్దదై మెత్తబడితే మాత్రం డాక్టర్‌కు చూపించండి.

మచ్చ పడలేదు. మళ్ళీ వేయాలా?

వద్దు. మచ్చ పడకపోయినా వేసినట్టు కార్డులో ఉంటే సరిపోతుంది.

నెల తక్కువ బిడ్డ. బరువు పెరిగేదాకా ఆగాలా?

ఎక్కువ టీకాలకు పుట్టిన తేదీ నుంచే లెక్క, కాన్పు కావలసిన తేదీ నుంచి కాదు. నెలలు తక్కువ పిల్లలకు కోరింత దగ్గు, న్యుమోనియా వస్తే తట్టుకోవడం ఇంకా కష్టం. రెండు కిలోల లోపు పుట్టిన బిడ్డకు హెపటైటిస్ బి విషయంలో మాత్రం డాక్టర్ లెక్క వేరుగా ఉండొచ్చు, డిశ్చార్జ్ రోజునే అడిగి రాయించుకోండి.

## నెలన్నర నుంచి ఏడాది వరకు

నెలన్నర బిడ్డకి ఒకేసారి మూడు సూదులు, రెండు రకాల చుక్కలు. తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది. ఆరో వారంలో ఎడమ తొడకు పెంటావలెంట్, కుడి తొడకు న్యుమోకాకల్, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, రోటా. పెంటావలెంట్ ఒక్కదానిలోనే అయిదు జబ్బుల టీకా ఉంది, లేకపోతే ఇంకా ఎక్కువ సూదులు పొడవాల్సి వచ్చేది. నేల మీద పాకే బిడ్డ ఒక్క రోజులో నోట్లో పెట్టుకునే సూక్ష్మక్రిములతో పోలిస్తే టీకాలో ఉండేది చాలా కొంచెం. పదో వారం, పద్నాలుగో వారం మళ్ళీ రావాలి. పదో వారంలో ఒక్క సూదే.

ఏడుపు చూడలేక తల్లి బయటికెళ్ళి, బిడ్డను నాయనమ్మకు ఇవ్వడం చూస్తుంటాం. అమ్మే ఎత్తుకుంటే మేలు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బిడ్డ ఒక చెయ్యి మీ నడుం వెనక్కి పోనిచ్చి, కాళ్ళు మీ మోకాళ్ళ మధ్య పట్టుకోండి. పాలు పడుతూ ఉండగానే సూది వేయమన్నా వేస్తాం. అలా వేసిన పిల్లలు తక్కువ ఏడుస్తారు, అది నేను కళ్ళారా చూసిన సంగతి. చుక్కలు వేసిన వెంటనే పాలు ఇవ్వొచ్చు.

టీకా వేశాక రాత్రి జ్వరం వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

పెంటా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, చిరాకు, తొడ నొప్పి మామూలే. బిడ్డ బరువును బట్టి పారాసెటమాల్ ఎంత పట్టాలో టీకా వేసినప్పుడే అడిగి రాయించుకోండి. జ్వరం రాకముందే పట్టనక్కర్లేదు. సూది వేసిన చోట చల్లటి తడిగుడ్డ పెట్టండి, రుద్దకండి, కాపడం వద్దు.

మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ వాలిపోయి పాలు తాగకపోయినా, జ్వరం రెండు రోజులు దాటినా ఆసుపత్రికి వెళ్ళండి. అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ దాదాపు ఎప్పుడూ వెంటనే, నిమిషాల్లోనే బయటపడుతుంది. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది అందుకే. ఆటో వెయిటింగ్‌లో ఉందని వెళ్ళిపోకండి.

తొడ మీద గట్టిగా గడ్డలా ఉండిపోయింది.

నొప్పి, ఎరుపు లేకుండా చిన్న గడ్డ కొన్ని వారాలు ఉండొచ్చు, దానంతటదే కరిగిపోతుంది. ఎర్రబడి, వేడిగా, రోజురోజుకీ పెద్దదవుతుంటే చూపించండి.

పెయిన్‌లెస్ టీకా వేయించమంటున్నారు. డబ్బు పెట్టాలా?

పెయిన్‌లెస్ అన్నది డీపీటీ భాగం ఉన్న టీకాలోనే ఒక రకానికి పెట్టిన వ్యాపారం పేరు. సూది పోటు రెంటికీ ఒకటే. కోరింత దగ్గు భాగాన్ని శుద్ధి చేసి తయారుచేసినది కాబట్టి జ్వరం, వాపు తక్కువ. అదే సమయంలో కోరింత దగ్గు నుంచి అది ఇచ్చే రక్షణ మామూలు టీకా కన్నా కాస్త త్వరగా తగ్గుతుంది. స్తోమత ఉంటే వేయించండి, లేకపోతే బిడ్డకు ఏదో తక్కువ చేశామని బాధపడకండి. అప్పు చేసి వేయించాల్సిన టీకా అయితే కాదు.

తట్టు టీకా తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆపుతారు?

కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో కొన్ని నెలలు ఉంటుంది. అది ఉండగా టీకా వేస్తే టీకానే దెబ్బతీస్తుంది. తొమ్మిది నెలలకు అది తగ్గుతుంది, అప్పుడు వేసింది బాగా పడుతుంది. తట్టు, రుబెల్లా టీకాతో పాటు అదే రోజు న్యుమోకాకల్ బూస్టర్, 2023 నుంచి మూడో పోలియో సూది, విటమిన్ ఎ ద్రావణం ఇస్తున్నారు. మెదడువాపు ఉన్న జిల్లాల్లో దానికీ ఒక సూది. తట్టును "అమ్మవారు వచ్చింది, వేపాకు కడితే పోతుంది" అని తేలిగ్గా తీసుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వేపాకు కట్టుకోండి, దణ్ణం పెట్టుకోండి. కానీ తట్టు తర్వాత వచ్చే న్యుమోనియా, కంటిచూపు దెబ్బతినడం పిల్లల్ని తీసుకుపోయే సంగతులు. మొదటి సూది తొమ్మిది నెలలకు, రెండోది ఏడాదిన్నరకు. రెండూ పడాలి.

అన్ని డోసులూ వేశాం. పల్స్ పోలియో ఆదివారం మళ్ళీ చుక్కలెందుకు?

అయిదేళ్ళలోపు పిల్లలందరికీ ఒకే రోజు వేస్తే వైరస్‌కు ఊళ్ళో తలదాచుకునే చోటుండదు. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో వచ్చింది. 2014 మార్చిలో పోలియో రహితం అని ధృవీకరించారు. పొరుగు దేశాల్లో అది పూర్తిగా పోలేదు, ప్రయాణాలు ఆగలేదు. ఎన్నిసార్లు వేసినా చుక్కలు ఎక్కువైపోవు.

టైఫాయిడ్, ఆటలమ్మ, గవదబిళ్ళలు మా కార్డులో లేవు. అవసరమా?

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇవి కూడా వేయించమంటుంది. డబ్బు చూసుకుని చేయాల్సి వస్తే నేనైతే టైఫాయిడ్‌ను ముందు పెడతాను. మన తాగునీరు, బయటి తిండి సంగతి మనకు తెలిసిందే. మందులకు లొంగని టైఫాయిడ్ పెరుగుతోంది. టైఫాయిడ్‌కు కాంజుగేట్ అనే రకం టీకా ఆరు నెలలు నిండాక ఒక్క డోసు. గవదబిళ్ళల టీకా కావాలంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) వేయించాలి, ప్రభుత్వం ఇచ్చే తట్టు, రుబెల్లా టీకా ఎంఆర్‌లో అది లేదు. ఆటలమ్మ, హెపటైటిస్ ఎ ఏడాది దాటాక. ఫ్లూ ఆరు నెలల నుంచి అయిదేళ్ళ వరకు ఏటా, ఉబ్బసం ఉన్న పిల్లలకు అయితే ఆ తర్వాత కూడా.

టీకాలతో ఆటిజం వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది.

రాదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెడుతూ లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం నుంచి పుట్టిన భయం ఇది. కేవలం 12 మంది పిల్లల వివరాలతో రాసినది. అందులో తప్పుడు వివరాలున్నాయని తేలి 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన వైద్యం చేసే లైసెన్సూ పోయింది. తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో అలాంటి సంబంధం కనిపించలేదు. మాటలు ఆలస్యమవడం తల్లిదండ్రులు గమనించే వయసు, ఏడాదిన్నర టీకా వయసు ఒకటే కావడంతో రెండూ కలిపి చూస్తారు. బిడ్డ మాటల మీద అనుమానం ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి, టీకా మాత్రం ఆపకండి.

## ఏడాదిన్నర నుంచి కాలేజీ వరకు

తొమ్మిది నెలల సూదితో అయిపోయిందనుకున్నాం. ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. చాలా ఇళ్ళలో కార్డు పెట్టె అడుక్కి వెళ్ళిపోయేది ఇక్కడే. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్, ఎంఆర్ రెండో డోసు, పోలియో చుక్కలు, కొన్ని జిల్లాల్లో మెదడువాపు రెండోది. విటమిన్ ఎ ఆరు నెలలకొకసారి అయిదేళ్ళ వరకు, మొత్తం తొమ్మిది డోసులు. అయిదారేళ్ళకు డీపీటీ రెండో బూస్టర్. పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా).

బడికెళ్ళే పిల్లలకి బూస్టర్ అంత ముఖ్యమా? చిన్నప్పుడు వేశాం కదా.

కంఠసర్పి కోసం ముఖ్యం. చిన్నప్పటి డోసుల బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పితో వచ్చే పిల్లల గురించి అక్కడి వైద్యులు ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ళలో బడి వయసు పిల్లలు ఉంటారు. గొంతులో బూడిదరంగు పొర కట్టి, మెడ ఎద్దు మెడలా వాచి, ఊపిరి అందదు. దాని విషం గుండెకు పాకుతుంది. ఈ బూస్టర్ ఉచితం, అయిదు నిమిషాల పని. స్కూల్లో వేస్తామని కాగితం పంపితే సంతకం పెట్టి పంపండి. ఆ రోజు పిల్లాడు సెలవు పెట్టి ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్ళి వేయించండి.

పదేళ్ళ పాపకి క్యాన్సర్ టీకా ఏమిటి? ఇంత చిన్నప్పుడా?

ఆ మాట వినగానే తల్లుల ముఖం మారిపోతుంది. పాప గురించి ఏదో అనుమానించినట్టు అనిపిస్తుంది. అలా కాదమ్మా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది శారీరక సంబంధం ద్వారా అంటుకునేది. అంటుకున్నాక టీకా దాన్ని తీసేయలేదు, అంటుకోకముందే కాపాడగలదు. పైగా 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేస్తే ఒంట్లో రక్షణ బాగా తయారవుతుంది, డోసులూ తక్కువ.

పిల్లల డాక్టర్లు 14 ఏళ్ళ వరకు ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు డోసులు ఇస్తారు. ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. సీరం ఇన్‌స్టిట్యూట్ వారి సర్వావాక్ వచ్చాక ధర కొంత అందుబాటులోకి వచ్చింది. ప్రభుత్వం తరఫున మీ ఊళ్ళో ఏ వయసు ఆడపిల్లలకు ఇస్తున్నారో మీ ఎ.ఎన్.ఎం.ని అడగండి. ఈ టీకా వేస్తే పిల్లలు పుట్టరన్నది అపోహ. టీకా వేయించుకున్నా 30 ఏళ్ళు దాటాక ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. మగపిల్లలకూ ఈ టీకా వేయొచ్చు.

## పెళ్ళి, గర్భం, బాలింత

పెళ్ళి కుదిరింది. ముందు వేయించుకోవాల్సినవి ఉన్నాయా?

చిన్నప్పుడు రుబెల్లా టీకా పడిందో లేదో తెలియకపోతే ఎంఎంఆర్ వేయించుకోండి, తర్వాత కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోండి. గర్భం తొలి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంట్లో శుక్లం, గుండెలో లోపం రావచ్చు. తెలియక గర్భంతో ఉండగా ఈ టీకా వేయించుకున్నా అబార్షన్ చేయించుకోవాల్సిన పని లేదు, డాక్టర్‌కు చెప్పండి చాలు. ఆటలమ్మ రానివాళ్ళు, టీకా పడనివాళ్ళు దాని సంగతీ అప్పుడే అడగండి.

గర్భిణికి టీటీ రెండు సూదులు తప్పనిసరా? మొదటి కాన్పుకి వేశారు కదా.

ఇప్పుడు టీటీ బదులు టీడీ ఇస్తున్నారు, ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి కూడా పనికొస్తుంది. గర్భం అని తెలియగానే ఒకటి, నాలుగు వారాలకు రెండోది. గత గర్భంలో రెండూ పడి, మూడేళ్ళు దాటకముందే మళ్ళీ గర్భం వస్తే ఒక్క బూస్టర్ చాలు. బొడ్డుతాడు కోసిన చోటు నుంచి ధనుర్వాతం పట్టి పసికందులు పోయే రోజులు మా పెద్దవాళ్ళు చూశారు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చిన దేశంగా మనకు 2015లో గుర్తింపు వచ్చింది. ఆ పని చేసింది ఈ సూది, శుభ్రమైన కాన్పు.

ప్రైవేటు డాక్టర్ టీడాప్, ఫ్లూ కూడా వేయించమన్నారు.

మంచి సలహా. టీడాప్ అంటే టీడీకి కోరింత దగ్గు టీకా కూడా కలిపింది. అది 27 నుంచి 36 వారాల మధ్య వేస్తే తల్లి ఒంట్లో తయారైన రక్షణ బిడ్డకు చేరి, నెలన్నరకు సొంత టీకా పడేదాకా కోరింత దగ్గు నుంచి కాపాడుతుంది. ఒక టీడీ బదులు దాన్ని వేసుకోవచ్చు. ఫ్లూ సూది ఏ నెలలోనైనా వేయొచ్చు. గర్భిణికి ఫ్లూ వస్తే మామూలు వాళ్ళకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

పాలిచ్చే తల్లి టీకా వేయించుకోవచ్చా?

దాదాపు అన్నీ వేయించుకోవచ్చు. ఎల్లో ఫీవర్ టీకా ఒక్కదానికి డాక్టర్‌ను అడగాలి.

## పెద్దవాళ్ళకు

ఇనుప ముక్క గీసుకుంటే ప్రతిసారీ టీటీ వేయించుకోవాలా?

అక్కర్లేదు. ఆరు నెలలకొకసారి అలవాటుగా టీటీ వేయించుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. చిన్నప్పటి డోసులన్నీ పడి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి చివరి డోసు పదేళ్ళు దాటితేనే బూస్టర్ కావాలి. మట్టి, పేడ అంటిన గాయం, లోతైన గాయం అయితే అయిదేళ్ళు దాటితే. చిన్నప్పుడు పడ్డాయో లేదో తెలియని పెద్దలకు లెక్క వేరు, వాళ్ళు మూడు డోసులు పూర్తిగా వేయించుకోవాలి. పొలం పనులు, మెకానిక్ పని, భవన నిర్మాణ పని చేసేవాళ్ళు తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. గాయాన్ని సబ్బు నీళ్ళతో కడగడం మాత్రం ప్రతిసారీ చేయాల్సిందే.

కుక్క కరిచింది, కొద్దిగానే గీరుకుంది. ఇంజెక్షన్ కావాలా?

కావాలి. ముందు పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, పదిహేను నిమిషాలు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు అనిపిస్తుంది. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకండి, కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ వేస్తారు. కండరంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 14, 28. రక్తం వచ్చిన గాయమైతే వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సీరం ఇంజెక్షన్ కూడా గాయం చుట్టూ ఇవ్వాలి, అది ఇచ్చారో లేదో అడగండి. టీకా ఒక్కటే వేసి పంపేస్తే సగం వైద్యమే అయినట్టు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్నది పాత కథ, ఆ టీకా ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. పథ్యం లేదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు అందరూ వేయించుకోవచ్చు. పెంపుడు కుక్క అయినా, టీకా వేసిన కుక్క అని యజమాని చెప్పినా డాక్టర్ వద్దనేదాకా టీకా ఆపకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించే మందు లేదు.

హెపటైటిస్ బి పెద్దయ్యాక వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఆ వైరస్ ఉన్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు తప్పకుండా. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు మోతాదు రెట్టింపు.

మా అమ్మాయి ఎంఎస్‌కి అమెరికా వెళ్తోంది. యూనివర్సిటీ టీకాల లిస్ట్ పంపింది.

ఆగస్టు ప్రయాణానికి మే నెలలోనే మొదలుపెట్టండి. ఎక్కువ యూనివర్సిటీలు అడిగేది ఎంఎంఆర్ రెండు డోసులు, మధ్యలో కనీసం 28 రోజుల తేడా. చిన్నప్పుడు ప్రభుత్వంలో పడింది తట్టు సూదో, ఎంఆరో అయితే గవదబిళ్ళలు అందులో ఉండవు కాబట్టి ఎంఎంఆర్ వేయించాల్సి రావచ్చు. హాస్టల్లో ఉండేవాళ్ళకు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ఎసీడబ్ల్యువై టీకా, టీడాప్, ఆటలమ్మ అడుగుతారు.

టీబీ పరీక్ష విషయంలో జాగ్రత్త. బీసీజీ పడిన మన పిల్లలకు చేతి మీద చేసే మాంటూ పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. రక్తంతో చేసే ఇగ్రా పరీక్షను బీసీజీ తికమక పెట్టదు, వాళ్ళు ఒప్పుకుంటే అదే చేయించండి. ఎంఎంఆర్ వేయించుకున్న రోజునే టీబీ పరీక్ష చేయించాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి. ఈ వరస తెలియక టికెట్ దగ్గరపడ్డాక పరుగులు పెట్టిన ఇళ్ళు చాలా చూశాను. ప్రతి డోసు తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర ఫారం మీద ఉండాలి.

హజ్‌కి, ఆఫ్రికాకి వెళ్ళేవాళ్ళకి?

హజ్, ఉమ్రాకు మెనింజైటిస్ ఎసీడబ్ల్యువై సర్టిఫికెట్ తప్పనిసరి, అక్కడ దిగడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా, ఇదీ 10 రోజుల ముందే. ప్రభుత్వ అనుమతి ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ఆ పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. పోగొట్టుకోకండి.

## అరవై దాటాక

ఫ్లూ సూది ఏటా ఎందుకు? పోయినేడాది వేయించాం.

ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, టీకానూ దానికి తగ్గట్టు మారుస్తారు. వానలు మొదలయ్యే ముందు వేయించుకుంటే మేలు. సూది వల్ల ఫ్లూ రాదు. ఒకరోజు ఒళ్ళునొప్పులు రావచ్చు.

నాన్నకి షుగర్, ఆయాసం. న్యుమోనియా టీకా ఒకసారి వేస్తే చాలా?

ఏ రకం వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. కొన్నిటికి ఏడాది తర్వాత రెండో రకం సూది అవసరం, కొత్త రకాల్లో ఒక్కదానితో సరిపోయేవి ఉన్నాయి. సూది వేసినప్పుడే పేరు రాయించి, రెండోది ఎప్పుడో అడగండి. 65 దాటినవాళ్ళకు, అంతకన్నా చిన్నవాళ్ళయినా షుగర్, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, ప్లీహం తీసేసినవాళ్ళకు ఇది కావాలి.

సర్పికి కూడా టీకా ఉందట. అమ్మకి డెబ్భై ఎనిమిది. ఇప్పుడు వేయించడం దండగ కాదా?

దండగ కాదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని, వయసు మళ్ళాక సర్పిగా, అంటే షింగిల్స్‌గా నడుము చుట్టూ, ముఖం మీద లేస్తుంది. పొక్కులు మానినా నరాల మంట నెలల తరబడి ఉండిపోవచ్చు. చీర కుచ్చిళ్ళు నడుముకు తగిలినా ఓర్చుకోలేక, రాత్రంతా ఫ్యాన్ కింద కూర్చుని తెల్లవార్లూ గడిపిన ఒక పెద్దావిడను నేను దగ్గరగా చూశాను. టీకా 50 దాటినవాళ్ళకు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. సర్పి ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళూ వేయించుకోవచ్చు. ఖరీదు ఎక్కువ, ప్రభుత్వ పట్టికలో లేదు. అన్నీ ఒకేసారి కొనలేకపోతే అమ్మకు ముందు ఫ్లూ, న్యుమోనియా, ఆ తర్వాత ఇది. అమ్మను అడిగి, ఆమెకు ఇంకే మందులు నడుస్తున్నాయో చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.